హైదరాబాద్ – విశాఖ: టికెట్ మీద గంటా ఇరవై నిమిషాలు, ఇంటి నుంచి ఇంటికి అసలు ఎంత?

గాజువాక_అబ్బాయి
ఒక సైట్‌లో హైదరాబాద్ నుంచి వైజాగ్ 510 కిలోమీటర్లు అని ఉంది. ఇంకో దాంట్లో 620. రైలు లెక్క చూస్తే 699. ఒకే రెండు ఊళ్ళ మధ్య ఇన్ని దూరాలేంటి? విమానం టికెట్ మీద మాత్రం అందరిదీ ఒకటే మాట, 1 గంట 20 నిమిషాలు.

ఊరికే అడగడం లేదు. అమ్మ గాజువాకలో ఉంటుంది, నేను నిజాంపేటలో. అమ్మకు కీమో మొదలైంది. 21 రోజులకోసారి, సోమవారం పొద్దున 9 కల్లా ఆస్పత్రిలో ఉండాలి. మొత్తం ఆరు సార్లు. మొదటిసారికి, విమానం గంటంబావే కదా అని సోమవారం ఉదయం 6:10కి టికెట్ తీశాను. తెల్లవారుజామున 2:45కి ఇంట్లో బయల్దేరాను. శంషాబాద్‌లో పొగమంచు. విమానం 8:25కి లేచింది. ఆస్పత్రికి చేరేసరికి పదిన్నర. అమ్మ అప్పటికే పక్కింటి అత్తతో ఆటోలో వెళ్ళి, పేరు రాయించుకుని, మంచం మీద పడుకుని ఉంది. సెలైన్ ఎక్కుతోంది. "నువ్వొచ్చేదాకా ఆగమంటే మధ్యాహ్నం అయిపోద్దన్నార్రా, సరే పెట్టీమన్నాను" అంది.

ఇంకా ఐదు సార్లు ఉంది. ఒక్కసారి కూడా అలా జరగకూడదు. క్రమం తప్పకుండా తిరిగేవాళ్ళు నిజంగా ఎంత టైమ్ పడుతుందో చెప్పండి.

రన్‌వే_రాజు
మూడు దూరాలూ నిజమే. 510 అనేది శంషాబాద్ రన్‌వే నుంచి విశాఖ రన్‌వేకు దారం పట్టి లాగితే వచ్చే దూరం. 620 రోడ్డు దూరం. 699 సికింద్రాబాద్ నుంచి విశాఖ స్టేషన్‌కు పట్టాల దూరం.

మ్యాప్ తీసి చూడండి, విశాఖ హైదరాబాద్‌కు దాదాపు నేరుగా తూర్పున ఉంటుంది. అక్షాంశంలో తేడా అర డిగ్రీ కూడా లేదు. కానీ మధ్యలో తూర్పు కనుమలు, గోదావరి, ఏజెన్సీ అడవి. అందుకే రోడ్డూ రైలూ కిందికి విజయవాడ దాకా దిగి, అక్కడి నుంచి సముద్రం పక్కనే పైకి ఎక్కుతాయి. విమానం ఒక్కటే సూటిగా పోతుంది. ఆ సూటి గీత ఇంచుమించు పాపికొండల మీద గోదావరిని దాటుతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజు కిటికీ సీటు దొరికితే చూడండి, కొండల మధ్య నది మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది.

గోదారి_గట్టు
మా నెత్తి మీంచి ఎగిరిపోతున్నారన్నమాట. పులస కాలంలో అయినా ఓసారి కిందకి దిగండి బాబూ.

మియాపూర్_మల్లన్న
రాజన్నా, నాకు ఒక లెక్క సమజ్ కాలే. పెద్ద విమానం గంటకు 800 పైన పోతది కద. 510 కిలోమీటర్లకు 38 నిమిషాలు కావాలె. మరి గంటా ఇరవై ఎట్ల రాస్తరు? డబుల్ ఉన్నది.

రన్‌వే_రాజు
@మల్లన్న, మంచి ప్రశ్న. టికెట్ మీద ఉండేది గాల్లో ఎగిరే టైమ్ కాదు, బ్లాక్ టైమ్. అంటే విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగే క్షణం దాకా. అందులో వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా నేల మీద నడవడం, ముందున్న విమానాల వెనక వరుసలో నిలబడడం, దిగాక మళ్ళీ నడక, అన్నీ ఉంటాయి. అవే ఇరవై నిమిషాల పైన.

రెండోది, ఇంత తక్కువ దూరంలో పూర్తి వేగం అందుకునే అవకాశమే ఉండదు. 35,000 అడుగులు ఎక్కాలంటే దాదాపు 200 కిలోమీటర్లు పోవాలి. దిగడం కూడా 190 కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. 510లోంచి ఇవి తీసేయండి, పైన సమంగా పోయేది వందా నూట ఇరవై కిలోమీటర్లే. ఎనిమిది పది నిమిషాలు. నీళ్ళ సీసా ఇచ్చి ఖాళీ కప్పులు తీసుకోవడానికి వాళ్ళు అంత హడావుడి పడేది అందుకే.

గాల్లో ఉండే టైమ్ 50 నుంచి 60 నిమిషాలు. ఏటీఆర్ 72 (రెక్కల మీద ఫ్యాన్లుండే చిన్న విమానం) అయితే అది గంటకు 510 వరకే పోతుంది కాబట్టి ఇంకో పది పదిహేను నిమిషాలు కలుపుకోండి. టికెట్ తీసేటప్పుడు విమానం ఏదో రాసి ఉంటుంది, చూసుకోవచ్చు.

మియాపూర్_మల్లన్న
ఇప్పుడు సమజ్ అయింది. ఇన్ని సార్లు పోయిన గానీ పైన పది నిమిషాలే ఉంటమని తెల్వదు.

సిక్కోలు_చిన్నోడు
ఎల్లీటప్పుడు ఒక టైము, వొచ్చీటప్పుడు ఒక టైము అవుతాది గదా, అదెందుకు రాజు గారూ? జనవరిలో వైజాగ్ యేపు తొందరగా దించీసినారు, తిరిగొచ్చీటప్పుడు లేటయ్యింది.

రన్‌వే_రాజు
గాలి. చలికాలంలో అంత ఎత్తున పడమటి గాలి వీస్తుంది, విశాఖ వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. వానాకాలంలో మన దక్షిణాదిన పైగాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి అప్పుడు తిరగబడుతుంది. ఈ కొద్ది దూరానికి తేడా ఐదారు నిమిషాలే, ఎక్కువైతే పది. దానికంటే విశాఖలో ఏ వైపు నుంచి దించుతున్నారన్నది ముఖ్యం. ఒక్కోసారి మనం పడమర నుంచి వచ్చి, ఊరు దాటి సముద్రం మీదకు పోయి, వెనక్కి తిరిగి దిగుతాం. అప్పుడు పది నిమిషాలు అదనం.

గాజువాక_అబ్బాయి
ఆ సముద్రం మీద తిప్పడం నేనూ చూశాను. కిందే మా ఇల్లు, మేం మాత్రం ఓడల మీద తిరుగుతున్నాం.

బేగంపేట_పాతకాపు
బాబూ, మీ అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను, కొడుకు స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. నలభై ఏళ్ళుగా ఈ దారిలోనే తిరుగుతున్నాను.

2008 మార్చి దాకా విమానాలు బేగంపేట నుంచి. మా ఇల్లు పద్మారావునగర్. ఇంట్లో కాఫీ తాగి ఆటో ఎక్కితే ఇరవై నిమిషాలకు బేగంపేట గేటు ముందు ఉండేవాణ్ణి. శంషాబాద్ మొదలయ్యాక విమానం ఎగిరే టైమ్ మారలేదు, నా ప్రయాణం మాత్రం గంటకు పైగా పెరిగింది. ఎక్స్‌ప్రెస్‌వే లేని ఆ మొదటి ఏడాది మెహదీపట్నం దాటడమే ఒక ప్రయాణం. 2009లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక, 11 కిలోమీటర్ల పైచిలుకు పైనుంచే పోయేసరికి ప్రాణం లేచొచ్చింది. కొత్త ఎయిర్‌పోర్ట్ పెద్దది, బాగుంది, దాని అవసరమూ ఉంది. కానీ ఊరి నుంచి దూరం పెరిగితే ఆ లెక్క టికెట్ మీద ఎవరూ రాయరు.

హైవే_సుబ్బు
నాకైతే కారే. విజయవాడ 275, అక్కడి నుంచి విశాఖ 350. రాత్రి 9కి బయల్దేరితే పొద్దున 8కి గాజువాక. ఎవరి మంచు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్ల కొత్త హైవే వేశారు, విజయవాడ చుట్టు తిరగాల్సిన పని లేకుండా. మొత్తం తెరిచి ఉందో లేదో చూసుకుని ఆ దారిలో పోతే ఇంకా తగ్గుతుంది.

లక్ష్మీ_సిస్టర్
సుబ్బు గారూ, రాత్రంతా కారు నడిపి పొద్దున్నే ఆస్పత్రిలో ఆరేడు గంటలు కూర్చోవడం మాటలు కాదు. నేను కీమో వార్డులో పదకొండేళ్ళు పనిచేశాను. తోడు వచ్చినవాళ్ళు కుర్చీలో తల వాల్చి నిద్రపోతుంటారు, పేషెంట్‌కు వాంతి వస్తుంటే మేమే వెళ్ళి లేపాలి. తోడుగా వచ్చేవాళ్ళు ముందు రాత్రి నిద్రపోయి ఉండాలి. ఎలా వచ్చినా సరే, ఆ ఒక్కటి చూసుకోండి.

హైవే_సుబ్బు
నిజమే అక్కా. నేను పండక్కి వెళ్ళే లెక్కలో చెప్పాను. ఆస్పత్రి పనికి నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

మియాపూర్_మల్లన్న
తమ్మీ, తప్పుగ అనుకోకు. అమ్మను ఆరు నెలలు ఈడికే తెచ్చుకోరాదు? హైదరాబాద్‌ల దవాఖానలకు ఏం తక్కువ లేదు. నువ్వు అటు ఇటు ఉరుకుడు తప్పుతది.

గాజువాక_అబ్బాయి
మొదట నేనూ అదే అన్నాను మల్లన్న గారూ. రానంది. "ఈ వీధిలో ఎవరో ఒకరు రోజూ వచ్చి పలకరిస్తారు, అక్కడ ఆరో అంతస్తులో నాకు ఎవరున్నార్రా" అంది. నాన్న పోయాక ఆ ఇల్లే ఆమెకు ధైర్యం. డాక్టర్ కూడా అక్కడ ఆమెకు నచ్చినాయనే. నేనే వెళ్ళాలి.

మియాపూర్_మల్లన్న
అయితే ఇంక మాట లేదు. మా అవ్వ గూడ గట్లనే, సిద్దిపేట ఇడిచి రాదు. నీకు పనికొచ్చేది చెప్త. నిజాంపేట నుంచి శంషాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 45 కిలోమీటర్ల దాకా ఉంటది. తెల్లారిపొద్దుగాల 50 నిమిషాలు. సాయంత్రం అయితే గచ్చిబౌలి దిక్కు దాటేదాక గంటన్నర పట్టుకో. ఆర్టీసీ పుష్పక్ బస్సు మంచిగుంటది, సామాన్ పెట్టుకోనికి జాగ ఉంటది, క్యాబ్ దొరకలేదన్న రంది ఉండది.

పట్టాల_పద్మ
ఎవరూ రైలు గురించి సరిగ్గా చెప్పడం లేదు. నేను చెప్తాను.

సోమవారం 9కి ఆస్పత్రి అంటే ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. 1974 ఫిబ్రవరి 1న మొదలైన బండి, యాభై ఏళ్ళు దాటింది. మా ఇంట్లో మూడు తరాలు దాన్లో తిరిగాం. సాయంత్రం ఎక్కి, పులిహోర తిని పడుకుంటే తెల్లారేసరికి విశాఖ జిల్లాలో ఉంటారు. ముఖ్యమైన మాట: మీరు విశాఖ స్టేషన్ దాకా పోకండి. దువ్వాడలో దిగండి. గాజువాక అక్కడి నుంచి దగ్గర. విశాఖ దాకా పోతే మళ్ళీ పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు వెనక్కి రావాలి.

వందేభారత్ 2023 సంక్రాంతికి మొదలైంది, రెండోది 2024 మార్చిలో. 699 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో. చైర్ కార్ 1700కు అటూ ఇటూ. మధ్యాహ్నం బండి విశాఖ చేరేసరికి దాదాపు అర్ధరాత్రి, అప్పుడు గాజువాక వెళ్ళి అమ్మను నిద్ర లేపాలి. కాబట్టి మీ పనికి గోదావరే.

ఇంకోటి, కొన్ని రైళ్ళు ఇప్పుడు చర్లపల్లి నుంచి నడుస్తున్నాయి. నిజాంపేట వాళ్ళకు చర్లపల్లి అంటే ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకు. టికెట్ తీసేముందు ఏ స్టేషనో చూసుకోండి.

గోదారి_గట్టు
పద్మ గారూ, రైలు మాత్రం ఎప్పుడూ టైమ్‌కి వస్తుందా అండి? మా చెల్లి పురుడుకి వెళ్తూ నేను ఒక రాత్రి బండిలో సామర్లకోటలో మూడు గంటలు కూర్చున్నాను. కబురు రైల్లోనే తెలిసింది, మేనకోడలు పుట్టిందని. బోగీలో అందరికీ పూతరేకులు పంచాను, ఊరి నుంచి తీసుకెళ్తున్నవి.

పట్టాల_పద్మ
మేనకోడలికి ఆ కథ చెప్పారా?

గోదారి_గట్టు
ప్రతి పుట్టినరోజుకీ చెప్తాను అండి. తొమ్మిదేళ్ళు ఇప్పుడు. "మావయ్యా, ఎంత లేటు?" అని తనే అడుగుతుంది.

రన్‌వే_రాజు
గోదారి గట్టు గారు అసలు విషయం పట్టుకున్నారు. విమానమైనా రైలైనా సగటు టైమ్ చూసి నిర్ణయించకూడదు. చెడ్డ రోజున ఎంత అవుతుంది, ఆ రోజున కూడా 9కి ఆస్పత్రిలో ఉంటామా అని చూడాలి. సోమవారం ఉదయం విమానం పది సార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా దింపినా మిగతా రెండు సార్లు అమ్మ ఒక్కరే వెళ్ళాల్సి వస్తుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజాము మంచు ఎవరి చేతిలోనూ లేదు.

కాబట్టి ఆదివారం. మధ్యాహ్నం తర్వాతి విమానం. రెండు గంటలు ఆలస్యమైనా రాత్రికి చేరతారు. అసలే రద్దయితే ఆదివారం రాత్రి రైలో బస్సో ఇంకా చేతిలో ఉంటుంది. సోమవారం పొద్దున రద్దయితే ఏమీ ఉండదు.

గాజువాక_అబ్బాయి
ఈ కోణంలో నేను ఆలోచించలేదు. ఆదివారం పిల్లలతో గడుపుదామని సోమవారం పెట్టుకున్నాను.

లక్ష్మీ_సిస్టర్
ఆదివారం రాత్రే వెళ్తే ఇంకో లాభం. కీమో ముందు రోజు రాత్రి భయం ఎక్కువ. మాకు వాళ్ళు చెప్పరు, పొద్దున బీపీ చూస్తే తెలుస్తుంది. ఆ రాత్రి ఇంట్లో కొడుకు ఉంటే అమ్మకు నిద్ర పడుతుంది.

సిక్కోలు_చిన్నోడు
భోగాపురం గురించి ఎవులూ మాటాడరేటి? ఎయిర్‌పోర్టు అక్కడకి మారితే మా శ్రీకాకుళమోళ్ళకి పండగే. ఇప్పుడు వైజాగ్ ఎయిర్‌పోర్టుకి రావాలంటే 110 కిలోమీటర్లు, ఊరంతా దాటాల, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగాల. భోగాపురం అయితే 60 దాటదు. మా నాన్నని గుండె ఆపరేషన్‌కి హైదరాబాద్ తీసికెల్లినప్పుడు కారులో రెండున్నర గంటలు కూకోబెట్టినాం, విమానంలో ఒక గంట. అది తలుసుకుంటే ఇప్పటికీ బాధే.

గాజువాక_అబ్బాయి
మీకు మేలే చిన్నోడు గారూ, కాదనను. కానీ మా సంగతి చూడండి. ఇప్పుడు దిగిన పావుగంట ఇరవై నిమిషాలకు ఇంట్లో ఉంటాను. భోగాపురం అంటే ఊరి నుంచే 45 కిలోమీటర్లు, గాజువాక నుంచి ఇంకా ఎక్కువ. మొత్తం నగరం అడ్డంగా దాటాలి. విమానంలో గడిపినంత సేపు కారులోనూ గడపాలి.

బేగంపేట_పాతకాపు
2008లో పద్మారావునగర్ వాళ్ళం ఇదే మాట అన్నాం. మహబూబ్‌నగర్ వాళ్ళు సంతోషించారు.

రన్‌వే_రాజు
విశాఖది నేవీ రన్‌వే. ఐఎన్ఎస్ డేగా. పౌర విమానాలకు నేవీ ఇచ్చిన టైమ్‌లోనే నడవాలి, వాళ్ళ శిక్షణ ఎగరడాలు ఉన్నప్పుడు మనవి ఆగాలి. దేశ రక్షణ పని, అది తప్పదు. చుట్టూ కొండలు, ఇటు పోర్టు, పెంచడానికి చోటు లేదు. భోగాపురంలో 3,800 మీటర్ల రన్‌వే. 2023 మేలో శంకుస్థాపన చేసింది ఈ ఇరుకు పోవాలనే. నా మాట ఏమిటంటే, ఎయిర్‌పోర్ట్ అక్కడికి మారినా గాజువాక, కూర్మన్నపాలెం, అనకాపల్లి వైపు నుంచి పుష్పక్ లాంటి బస్సు మొదటి రోజు నుంచే ఉండాలి. హైదరాబాద్‌లో అది ఉండబట్టే చాలామందికి దూరం భారంగా అనిపించడం తగ్గింది.

సిక్కోలు_చిన్నోడు
బస్సు మాటకి నానూ ఒప్పుకుంతాను. మాకూ కావాల, పలాస దాకా.

డాలస్_శ్రీను
అమెరికా నుంచి వచ్చేవాళ్ళకు ఈ చివరి ముక్కే కష్టం. ఇరవై గంటలు ప్రయాణం చేసి శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగుతాం, ఇమిగ్రేషన్, సామాను, మళ్ళీ లోపలికి వెళ్ళి చెక్-ఇన్. ఒక్క గంట విమానానికి ఐదు గంటలు కూర్చున్నాను పోయినసారి. నాన్న రోజూ లేచే టైమ్‌కి వైజాగ్‌లో తెల్లారిపోయి ఉంది, "ఎక్కడున్నావు, ఇంకా చీకటేనా అక్కడ?" అని ఫోన్. హైదరాబాద్‌లో ఇంకా తెలవారలేదు.

బేగంపేట_పాతకాపు
అది నిజంగానే తేడా ఉంటుంది శ్రీనూ. గడియారం ఒకటే గానీ సూర్యుడు ఒకటి కాదు. రెండు ఊళ్ళ మధ్య రేఖాంశం దాదాపు 4.8 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే 19 నిమిషాలు. మన దేశం టైమ్ లెక్క కట్టే 82.5 డిగ్రీల గీత కాకినాడ పక్క నుంచి పోతుంది. విశాఖ దానికి అవతల, హైదరాబాద్ బాగా ఇవతల.

మియాపూర్_మల్లన్న
ఏం లెక్క చెప్పినవ్ పెద్దాయనా! మొత్తం దూరం సూర్యుడికి 19 నిమిషాలు. నాకు ఔటర్ ఎక్కనికే 19 నిమిషాలు.

గాజువాక_అబ్బాయి
ఇది అమ్మకు చెప్తాను. ఆమె పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టుకుంటుంది.

పట్టాల_పద్మ
తిరుగు ప్రయాణం ఏం చేశారు? దాని గురించి చెప్పలేదు.

గాజువాక_అబ్బాయి
మొదటిసారి సోమవారం రాత్రి విమానానికే వెనక్కి వచ్చేశాను. మంగళవారం ఆఫీసు. రాత్రి 10కి ఫోన్ చేస్తే అమ్మ వాంతులు చేసుకుంటోంది.

లక్ష్మీ_సిస్టర్
మందుల్ని బట్టి మారుతుంది గానీ చాలామందికి రెండో రోజు, మూడో రోజు కష్టంగా ఉంటుంది. కీమో రోజు బాగానే కనిపిస్తారు. సెలవు ఒక్క రోజే దొరికితే ఆ సెలవు మంగళవారానికి పెట్టుకోండి, సోమవారం ల్యాప్‌టాప్ ఆస్పత్రికి తీసుకెళ్ళి పనిచేయండి. వీలైతే రెండు రోజులూ ఉండండి. జ్వరం వస్తే పొద్దున దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలని పక్కింటి ఆవిడకు కూడా చెప్పి ఉంచండి.

పట్టాల_పద్మ
అయితే మంగళవారం సాయంత్రం దువ్వాడలో గోదావరి ఎక్కండి. బుధవారం తెల్లారి సికింద్రాబాద్. స్నానం చేసి ఆఫీసుకు. విమానంలో ఐదు గంటలు మేలుకుని పోతాయి, రైల్లో పన్నెండు గంటలు పోయినా ఎనిమిది నిద్రలో పోతాయి.

రన్‌వే_రాజు
విమానాల పిచ్చోణ్ణి నేనే ఒప్పుకుంటున్నాను, తిరుగు ప్రయాణానికి పద్మ గారి మాటే సరైనది. టికెట్లు మాత్రం ఒక్కో తేదీకి బుకింగ్ తెరిచిన వెంటనే తీసి పెట్టుకోండి. మీకు తేదీలు ముందే తెలుసు కదా, అది పెద్ద లాభం. అయితే రక్తపరీక్ష బాగోక కీమో వారం వాయిదా పడొచ్చు. విమానానికి తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీయండి, కొంచెం ఎక్కువైనా. చివర్లో సంక్రాంతి వస్తే ధర మూడింతలు ఉంటుంది.

హైవే_సుబ్బు
సంక్రాంతి వారం మాత్రం రోడ్డు మీదకు రావొద్దు. పంతంగి టోల్ దగ్గర నుంచే బండ్లు ఆగిపోతాయి. నేనే చెప్తున్నా.

గాజువాక_అబ్బాయి
అందరికీ చెప్పి వెళ్ళాలని వచ్చాను. నిన్న తెల్లారి తిరిగొచ్చాను. గడియారం చూసి రాసుకున్నాను, నాలా వెతికేవాళ్ళకు పనికొస్తుంది.

ఆదివారం. మధ్యాహ్నం 3:10కి ఇంటికి తాళం వేశాం, పిల్లలు మామగారింటికి. పుష్పక్‌లో శంషాబాద్ 4:35. లోపల తనిఖీలన్నీ అయ్యేసరికి 5:05. విమానం 6:15ది. తలుపు 6:05కి వేశారు, చక్రాలు నేల వదిలింది 6:32. సముద్రం మీద తిప్పలేదు, నేరుగా దించారు, 7:24కి నేల తాకింది. తలుపు తీసింది 7:35. క్యాబ్ 7:55. ఇంటి గేటు 8:20. మొత్తం 5 గంటల 10 నిమిషాలు, అందులో గాల్లో ఉన్నది 52 నిమిషాలు.

అమ్మ వీధి లైటు వేసి అరుగు మీద కూర్చుని ఉంది. వంకాయ కూర వండి పెట్టింది, తనేమీ తినలేకపోయినా. రాత్రి 19 నిమిషాల సూర్యుడి సంగతి చెప్పాను. పొద్దున్నే సూర్యుడు వచ్చే వేళకు నన్ను లేపి వాకిట్లోకి తీసుకెళ్ళి, "మీ ఊళ్ళో ఇంకా రాలేదు గదా?" అంది. 8:40కి ఆస్పత్రిలో ఉన్నాం. పేరు నేనే రాయించాను. మంగళవారం అంతా పక్కనే ఉన్నాను. లక్ష్మీ సిస్టర్ చెప్పినట్టే ఆ రోజే కష్టమైంది.

సాయంత్రం దువ్వాడలో గోదావరి. పక్కింటి అత్త స్టేషన్ దాకా పులిహోర పొట్లం పంపింది.

లక్ష్మీ_సిస్టర్
సంతోషం బాబూ. వంకాయ కూర వండే ఓపిక ఉందంటే మంచిదే. తర్వాతి రక్తపరీక్ష ఎప్పుడు?

గాజువాక_అబ్బాయి
కీమోకి మూడు రోజుల ముందు, శుక్రవారం. రిపోర్ట్ ఫోన్‌లో పంపిస్తారు. బాగుంటే ఆదివారం అదే 6:15 విమానం.

సిక్కోలు_చిన్నోడు
ఆ ఆదివారం నానూ హైదరాబాద్ నించి వొస్తున్నాను, నాన్న మందులు తెచ్చుకుని. 6:15దే. శ్రీకాకుళం బస్సు నాకు రాత్రి 10కి గానీ లేదు. మీరు ఎక్కడ కూకుంతారో సెప్పండి, దిగినాక ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా ఎలా ఎల్లాలో కూడా.

గాజువాక_అబ్బాయి
మా ఇల్లు మీ దారికి అవతలి వైపు, అయినా ముందు ఇంటికి రండి. 10 దాకా టైమ్ ఉంది, భోజనం చేసి వెళ్దురుగాని. బస్సు దగ్గర నేనే దింపుతాను, నాన్న స్కూటర్ ఇంకా నడుస్తోంది.